ఎవరు చేశారు? – ‘హెక్సన్’ అనే మూకీ చిత్రం గురించి

సంఘ పత్రిక సంపాదకీయంలో సినిమా సంగతులు రావడం అరుదు. అందులోనూ సాతాను వేషం, మంత్రగత్తెల విందు ఉన్న సినిమా అంటే కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారు. అయినా ఈ వారం 1922 సెప్టెంబరులో స్వీడన్‌లో విడుదలైన ఒక మూకీ చిత్రం గురించి రాస్తున్నాము. దాని పేరు ‘హెక్సన్’. స్వీడిష్ భాషలో మంత్రగత్తె అని అర్థం. దయ్యాల సినిమాగా దానికి పేరు వచ్చింది గానీ, రెండుసార్లు చూశాక మాకు అందులో దయ్యాలకంటే విచారణాధికారులే ఎక్కువ గుర్తున్నారు. బైబిలు తెలిసినవారు, ప్రార్థన చేసేవారు, తాము దేవుని పని చేస్తున్నామని మనస్ఫూర్తిగా నమ్మినవారు ఒక ముసలామెను ఎలా మంటపాలు చేశారో ఆ సినిమా మెట్టు మెట్టుగా చూపిస్తుంది.

తీసినవారు బెంజమిన్ క్రిస్టెన్సెన్ అనే డెన్మార్క్ దేశస్థుడు. వైద్యం చదవబోయి సంగీత నాటకాల గాయకుడై, గొంతు దెబ్బతిని నటనకు, అక్కడినుంచి దర్శకత్వానికి వచ్చారు. బెర్లిన్‌లో ఒక పుస్తకాల దుకాణంలో ఆయనకు ‘మల్లెయుస్ మలెఫికారుమ్’ అనే పాత లాటిన్ గ్రంథం దొరికింది. మంత్రగత్తెల సుత్తి అని దాని అర్థం. మంత్రగత్తెలను ఎలా కనిపెట్టాలి, ఎలా విచారించాలి, ఎలా శిక్షించాలి అని న్యాయాధిపతులకు నేర్పే పుస్తకం అది. అది చదివి ఆయన రెండేళ్లపాటు పాత గ్రంథాలు, చెక్క అచ్చుల బొమ్మలు వెదికి పోగుచేశారు. స్వీడన్‌కు చెందిన స్వెన్స్క్ ఫిల్మిండస్ట్రి డబ్బు పెట్టింది. చిత్రీకరణ 1921లో కోపెన్‌హాగెన్ దగ్గర, ఎక్కువ భాగం రాత్రివేళల్లో జరిగింది. అప్పటికి స్కాండినేవియా దేశాల్లో అంత ఖర్చుతో తీసిన మూకీ చిత్రం మరొకటి లేదు. సాతాను వేషం కట్టింది కూడా క్రిస్టెన్సెన్‌గారే.

సినిమాలో ఏడు భాగాలున్నాయి. మొదటిది అచ్చంగా పాఠం. పాత బొమ్మలు చూపిస్తూ, పుల్లతో వాటిని గురిపెడుతూ, పూర్వకాలంవారు భూమిని, ఆకాశాన్ని, నరకాన్ని ఎలా ఊహించుకున్నారో చెబుతుంది. సండే స్కూలులో చార్టు పెట్టి చెప్పినట్టే ఉంటుంది. రెండో భాగంలో 1488 నాటి మంత్రగత్తె గుడిసె, వశీకరణ మందు కోసం వచ్చిన స్త్రీ, ఆ మందుకు చిక్కిన తిండిపోతు సన్యాసి. అది కొంత నవ్వులాటగా సాగుతుంది. అసలు విషయం మూడో భాగంలో మొదలవుతుంది.

జెస్పర్ అనే అచ్చు పనివాడు ఉన్నట్టుండి జబ్బుపడి మంచాన పడతాడు. ఏ జబ్బో ఎవరికీ తెలియదు. ఇంట్లో భార్య అన్న, పసిబిడ్డ, భార్య తరఫు ఆడవాళ్లు. తెలిసినవాడొకడు వచ్చి సీసం కరిగించి నీళ్లలో పోస్తాడు. అది గడ్డకట్టిన ఆకారం చూసి ఇది చేతబడే అని తేలుస్తాడు. (ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసి, ఘాటు రాలేదు కాబట్టి దిష్టి తగిలిందని తేల్చే ఇళ్లు మన విశ్వాసుల్లోనూ ఉన్నాయి. కాబట్టి ఆ సీసం చూసి నవ్వకుండా ఉందాం.) చేతబడి అని తేలాక ఆ ఇంట్లో ప్రశ్న మారిపోయింది. అంతవరకు ‘ఏమైంది?’ అని అడిగారు. ఇప్పుడు ‘ఎవరు చేశారు?’ అని అడుగుతున్నారు.

సరిగ్గా అప్పుడే మరియ అనే ముసలి నేతగత్తె వంటింట్లోకి అడుక్కోవడానికి వస్తుంది. పళ్లూడిన నోరు, వంగిన నడుము. ఆకలి మీద గబగబా తింటుంది. ఆ తినడం చూస్తున్న అన్న ముఖంలో అనుమానం పుట్టి, గట్టిపడి, నిశ్చయంగా మారడం మనకు కనబడుతుంది. మరియ చేసిన నేరమేమీ లేదు. ముసలిది, బీదది, చూడడానికి బాగోలేనిది, ఆ వేళకు ఆ గుమ్మంలోకి వచ్చింది. అంతే. అన్న పరుగెత్తి విచారణ చేసే సన్యాసుల బసకు వెళ్లి, ఒక యువ సన్యాసి చేయి పట్టుకుని, ఈ మంత్రగత్తెను పట్టుకోండని ప్రాధేయపడుతుంది. ఆ చేయి పట్టుకోవడం గుర్తుంచుకోండి.

మరియను పట్టుకుపోతారు. మొదట మంచి మాటలు చెబుతారు, తర్వాత బాధపెట్టే యంత్రాలు వస్తాయి. ఆమె చివరికి ఒప్పుకుంటుంది. ఏం ఒప్పుకుంటుంది? వాళ్లకు ముందే తెలిసినదంతా! సాతానుకు పిల్లలను కన్నానని, ఒళ్లంతా లేపనం పూసుకుని రాత్రి ఎగిరి వెళ్లానని, సిలువను తొక్కానని. న్యాయాధిపతుల పుస్తకంలో ఏముందో అదే ఆమె నోట పలికింది. ఇంకెవరున్నారు అని అడిగితే పేర్లు చెప్పింది. తనను ఈసడించినవారి పేర్లు, తన్నినవారి పేర్లు, ఆఖరికి ఆ అచ్చు పనివాడి ఇంటి ఆడవాళ్ల పేర్లు. అదే సమయంలో ఆ యువ సన్యాసి, అన్న పట్టుకున్నప్పటినుంచి తన మనసు చెదిరిందని చెప్పుకుంటాడు. కామం అతనిది, నేరం ఆమెది అయింది. అన్నను చెరసాలలో వేస్తారు. ఒక అధికారి దయగలవాడిలా వచ్చి, ఉరుములు పుట్టించే విద్య నాకు చూపించు, విడిచిపెట్టేస్తాను అంటాడు. బిడ్డను తెచ్చి చూపిస్తారు. ఆ తల్లి బిడ్డకోసం ఏదో చెబుతుంది. అదే ఆమె ఒప్పుకోలుగా రాసుకుంటారు. ఒక జబ్బుపడ్డ ఇల్లు, ఒక ప్రశ్న, ఒక ముసలామె పేరు. కొద్ది రోజుల్లో ఆ ఇంటి దీపమే ఆరిపోయింది.

అంత పని చేసిన ఆ ‘సుత్తి’ పుస్తకం చరిత్ర కూడా తెలుసుకోదగినది. రాసినవాడు హైన్రిష్ క్రామర్ అనే డొమినికన్ సన్యాసి. 1484 డిసెంబరులో పోపు ఎనిమిదవ ఇన్నోసెంట్ దగ్గర అధికార పత్రం సంపాదించి, మరుసటి ఏడు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో స్త్రీలపై విచారణ పెట్టాడు. అక్కడి బిషప్పు గెయోర్గ్ గోల్సర్‌కు అతని పద్ధతి, అతను అడిగే ప్రశ్నలు నచ్చలేదు. విచారణ ఆపించి, స్త్రీలను విడిపించి, ఊరు విడిచి వెళ్లమని క్రామర్‌కు చెప్పారు. ఓడిపోయి వెళ్లినవాడు ఊరుకోలేదు. తన పద్ధతే సరైనదని నిరూపించడానికి కూర్చుని 1486 ప్రాంతంలో ఆ పుస్తకం రాశాడు. అప్పుడే కొత్తగా వచ్చిన అచ్చు యంత్రం దాన్ని యూరప్ అంతా మోసుకెళ్లింది. గూటెన్‌బర్గ్ యంత్రం బైబిలు అచ్చువేసిందని మనం ఎప్పుడూ చెప్పుకుంటాం. ఇది కూడా ఆ యంత్రం మీదే అచ్చయింది.

అంతకు ముందు సంఘం బోధ వేరుగా ఉండేదని చాలామందికి తెలియదు. పదవ శతాబ్దం మొదట్లో సంకలనమైన ‘కానన్ ఎపిస్కోపి’ అనే సంఘ నియమం, స్త్రీలు రాత్రివేళ ఎగురుతూ ప్రయాణం చేస్తారనేది కలలో కలిగే భ్రమ అని, దాన్ని నిజమని నమ్మడమే విశ్వాసం తప్పడమని చెప్పింది. అంటే అయిదు వందల ఏళ్లు బోధకులు మందలించిన మూఢనమ్మకం, క్రామర్ కాలానికి వచ్చేసరికి వేదాంతంగా పీఠమెక్కింది.

ఇక సినిమాలోని లోపాలు. ఎనభై లక్షలమందిని తగలబెట్టారని అందులో ఒక అట్ట మీద రాసి చూపిస్తారు. అది తప్పు. ఆ అంకె ఆ రోజుల్లో చాలామంది నోట ఉండేది గానీ, కోర్టు కాగితాలు లెక్కపెట్టిన నేటి చరిత్రకారులు సుమారు 1450 నుంచి 1750 వరకు యూరప్‌లో మరణశిక్ష పడినవారు నలభై వేలనుంచి అరవై వేలమంది అంటున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. సంఖ్య తగ్గినంత మాత్రాన మనకు ఊరట ఏమీ లేదు. యాభై వేలంటే మన దగ్గర ఒక మునిసిపాలిటీ జనాభా.

రెండో లోపం మాకు ఇంకా పెద్దది. సినిమా మొత్తం గుండు చేయించుకున్న సన్యాసులే కనబడతారు. చూసే ప్రొటెస్టెంటు హాయిగా కుర్చీలో వెనక్కి వాలి, ఇదంతా రోమన్ కథోలికుల కథ, మనది కాదు అనుకోవచ్చు. క్రిస్టెన్సెన్‌గారి సొంత దేశం సంగతి చూడండి. డెన్మార్క్ 1536లో లూథరన్ దేశమైంది. అక్కడ మంత్రగత్తెల విచారణలు పెద్ద ఎత్తున జరిగింది ఆ తర్వాతే. సంస్కరణ తర్వాత మొదటి తరం బిషప్పు పేడర్ పల్లాడియస్ ఊరూరా తిరిగి, మంత్రగత్తెలను దాచిపెట్టకండి, పట్టివ్వండి అని బోధించారు. రాజు నాలుగవ క్రిస్టియన్ 1617లో మంత్రగత్తెలపై కఠినమైన శాసనం తెచ్చాడు. 1617 అంటే సంస్కరణకు నూరేళ్ల పండుగ చేసుకున్న సంవత్సరం! ఆ శాసనం తర్వాత కొన్నేళ్లపాటు చితులు ఆరలేదు. మొత్తం మీద ఆ చిన్న దేశంలో సుమారు వెయ్యిమంది చనిపోయారు. చివరిగా మరణశిక్ష పడిన స్త్రీ అన్నె పల్లెస్, 1693లో. లూథర్‌గారే 1526లో నిర్గమకాండం మీద ప్రసంగిస్తూ మంత్రగత్తెలను చంపవలసిందే అన్నారు. మేము లూథర్‌గారి పుస్తకాలు చదివి పెరిగినవాళ్లం, అయినా ఈ సంగతి దాచడం న్యాయం కాదు. పైగా ఎక్కువ దేశాల్లో శిక్ష వేసింది పట్టణాల, రాజుల న్యాయస్థానాలే. అక్కడ కూర్చున్నది మామూలు గృహస్థులు.

అదే డెన్మార్క్‌లో ఒక మంచి చట్టం కూడా ఉండేది. మంత్రగత్తె అని నేరం రుజువైనవారి మాట పట్టుకుని మరొకరికి శిక్ష వేయకూడదని, తీర్పు రాకముందు హింసించకూడదని 1547లో నియమం పెట్టారు. ఈ రెండూ ఉన్నచోట మరియ నోటినుంచి పదిమంది పేర్లు రాబట్టడం కష్టం. అందుకే ఆ రోజుల్లో కొన్ని జర్మన్ ఊళ్లలో వీధులకు వీధులు ఊడ్చుకుపోయినట్టు డెన్మార్క్‌లో జరగలేదు. మంచి హృదయంతో పాటు మంచి కోర్టు నియమం కూడా ప్రాణాలు కాపాడుతుంది. సాక్ష్యం ఇద్దరు ముగ్గురి నోట స్థిరపడాలని ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం చెప్పింది కూడా ఇందుకే.

వాక్యం సంగతికి వస్తే, ఈ కథలో అందరూ ఎత్తి చూపింది నిర్గమకాండం 22వ అధ్యాయం 18వ వచనం. మంత్రవిద్య చేసే స్త్రీని బ్రతకనివ్వకూడదన్న ఇశ్రాయేలు చట్టం అది. అక్కడి హెబ్రీ మాటకు ఖచ్చితమైన అర్థం ఏమిటన్న వాదన 16వ శతాబ్దంలోనే వచ్చింది. యోహాన్ వెయర్ అనే వైద్యుడు 1563లో రాసిన పుస్తకంలో, ఆ మాట విషం పెట్టేవారి గురించి అని వాదించారు. సెమినరీలో ఇలాంటి వాదనలు గంటలకొద్దీ సాగుతాయి. మేము దాన్ని ఇక్కడ తెగ్గొట్టబోవడం లేదు. అపొస్తలులు ఏం చేశారో చూస్తే చాలు. ఫిలిప్పీలో సోదె చెప్పే దాసి పౌలును వెంబడించి విసిగించింది. పౌలు ఆ ఆత్మను గద్దించాడు, ఆ పిల్లను ఎవరికీ పట్టివ్వలేదు. ఎఫెసులో మాంత్రిక విద్య చేసినవారు తమ పుస్తకాలు తామే తెచ్చి అందరి ముందు కాల్చారు. వాటి వెల ఏబది వేల వెండి రూకలు. ఆ మంటలో పుస్తకాలున్నాయి, మనుషులు లేరు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, ఎవరు పాపం చేస్తే ఇలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు మన ప్రభువు ఎవరి పేరూ చెప్పలేదు. ఆ ప్రశ్నే సరికాదన్నట్టు జవాబిచ్చి, బురద చేసి, అతని కళ్లు బాగుచేసే పనిలో పడ్డారు.

ఆ చీకటి రోజుల్లో కూడా సంఘంలోనుంచే కొందరు లేచారు. అలోన్సో దె సలజార్ ఫ్రియాస్ స్పెయిన్ విచారణ సంస్థలో న్యాయాధిపతి. 1611లో బయలుదేరి నవార్ పల్లెల్లో తిరిగి, పద్దెనిమిది వందలమందికి పైగా మనుషుల్ని ప్రశ్నించారు. వారిలో చాలామంది పిల్లలు. మంత్రగత్తెల లేపనం అన్నదాన్ని జంతువుల మీద వేయించి చూశారు, ఏమీ కాలేదు. ఈ విషయం గురించి మాట్లాడడం, రాయడం మొదలయ్యేవరకు ఆ ఊళ్లలో మంత్రగత్తెలే లేరని ఆయన తేల్చారు. ఆయన నివేదికల తర్వాత 1614లో ఆ సంస్థ నియమాలు మార్చింది. జర్మనీలో ఫ్రీడ్రిక్ ష్పే అనే జెసూట్ యాజకుడు 1631లో పేరు పెట్టుకోకుండా ఒక పుస్తకం ప్రచురించారు. హింస అనేది ఉంటే ఎవరినైనా మంత్రగత్తెగా మార్చవచ్చని, న్యాయాధిపతుల్ని, బిషప్పుల్ని అదే యంత్రాల మీద పడుకోబెడితే వాళ్లూ ఒప్పుకుంటారని ఆయన వాదన. హాలెండ్‌లో బల్తజార్ బెక్కర్ అనే రిఫార్మ్‌డ్ పాస్టరు 1691లో సాతాను శక్తిని గూర్చిన భయాల్ని ఖండిస్తూ గ్రంథం రాస్తే, మరుసటి ఏడు సంఘమే ఆయన్ను సేవనుంచి తొలగించింది.

సినిమా ఆరో భాగంలో హింసా యంత్రాలు చూపిస్తూ ఒక చిన్న ముచ్చట వస్తుంది. సినిమాలో నటించిన ఒక అమ్మాయి బొటనవేళ్లు నొక్కే స్క్రూ ఎలా ఉంటుందో చూస్తానందట. నిమిషం గడవకముందే ఆమెతో ఏమేమి ఒప్పించానో చెప్పను అని దర్శకుడు హాస్యంగా రాశారు. నవ్వు వస్తుంది, ఆ వెంటనే నవ్వు ఆగిపోతుంది. మరియ వేషం వేసిన మారెన్ పేడర్సెన్ అనే వృద్ధురాలి గురించి చెప్పిందైతే మరీ విచిత్రం. చిత్రీకరణ విరామంలో ఆమె అలసిన ముఖం ఎత్తి, సాతాను నిజంగా ఉన్నాడు, నా మంచం పక్కన కూర్చోగా చూశాను అని చెప్పిందట. క్రిస్టెన్సెన్‌గారు ఆమెను ఎగతాళి చేయలేదు, ఆ మాటను సినిమాలోనే పెట్టారు.

ఏడో భాగం 1921 నాటి సమాజం. పూర్వం మంత్రగత్తె అన్నవారిని ఇప్పుడు హిస్టీరియా రోగులంటున్నాం అని దర్శకుడి వాదం. నిద్రలో నడిచే స్త్రీ, దొంగతనం మానలేని స్త్రీ, ఒంటిమీద స్పర్శ లేని చోట్లు. ఇక్కడ మేము ఆయనతో ఏకీభవించలేము. ఆ హిస్టీరియా అనే రోగనిర్ణయాన్నే వైద్యులు తర్వాత వదిలేశారు. అంతకంటే ముఖ్యం, మరియకు ఏ మానసిక రోగమూ లేదు. ఆకలి ఉంది. అన్నకు ఉన్నది భర్త పోతాడన్న భయం. రోగం ఎక్కడైనా ఉంటే ఆ బల్ల వెనక కూర్చుని రాసుకుంటున్నవారిలో ఉంది. మూడు భాగాలపాటు కళ్లకు కట్టినట్టు చూపించినదాన్ని చివర్లో దర్శకుడే మరచిపోయి, మళ్లీ ఆ స్త్రీలనే పరీక్ష బల్ల ఎక్కించారు.

ఇది డెన్మార్క్ కథే. కానీ మన ఊళ్లలో ఆ ప్రశ్న ఇంకా బ్రతికే ఉంది. తెలంగాణలో బాణామతి అంటారు, గోదావరి వైపు చిల్లంగి అంటారు, చేతబడి అన్న మాట అందరికీ తెలుసు. ఆ నెపంతో వృద్ధుల్ని కొట్టి చంపిన వార్తలు, మంత్రం పలకకుండా పళ్లు పీకిన వార్తలు మనం చదివినవే. జాతీయ నేర గణాంకాల్లో హత్యకు కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఒక గడి ఉంది. బీహారు 1999లో, మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో దీనిపై చట్టాలు చేశాయి.

సేవకులైనవారు ఇది ప్రార్థన గదిలోనే ఎదుర్కొంటారు. “అయ్యగారూ, మా అబ్బాయికి ఆర్నెల్లుగా బాగోలేదు. ఎవరో చేశారండి. ఎవరో ప్రభువు మీకు బయలుపరిస్తే చెప్పండి” అంటారు. ఆ తల్లి కన్నీరు నిజం. ఆమెకు కావలసింది మాత్రం ఒక పేరు. కొందరు బోధకులు పేరు చెప్పరు గానీ ఆనవాళ్లు చెబుతారు. “మీ ఇంటికి తూర్పున ఉండే స్త్రీ, మీ బంధువే” అంటారు. తూర్పున ఎవరుంటారు? తోడికోడలో, భర్త పోయిన మేనత్తో. ఆ రాత్రినుంచి ఆమెతో మాటలుండవు, నీళ్ల దగ్గర పక్కకు తప్పుకుంటారు, పిల్లల్ని ఆమె గుమ్మం తొక్కనివ్వరు. తర్వాత ఇంకేం జరుగుతుందో ఆ బోధకుడికి తెలియదు, అతను అప్పటికి మరో ఊరి కూటాల్లో ఉంటాడు. దురాత్మలు ఉన్నాయని మేమూ నమ్ముతాము. సువార్తల్లో ప్రభువు వాటిని వెళ్లగొట్టారు. ఏ ఒక్కసారీ, ఈ దయ్యాన్ని నీమీదికి పంపింది ఫలానా పొరుగామె అని చెప్పలేదు. పేరు అడిగినవారికి మేము ఇదే చూపించి, తలమీద చేయి ఉంచి ప్రార్థన చేసి, అబ్బాయిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారని అడుగుతాము. కొందరికి ఆ జవాబు నచ్చదు. పేరు చెప్పే బోధకుణ్ణి వెదుక్కుంటూ వెళ్లినవారూ ఉన్నారు.

సినిమా చూడాలనుకునేవారికి రెండు మాటలు. నిడివి గంటా నలభై అయిదు నిమిషాల వరకు ఉంటుంది. 1968లో కుదించి, వ్యాఖ్యానం, జాజ్ సంగీతం కలిపిన మరో కూర్పు వచ్చింది. దాన్నికాక పాత మూకీ కూర్పునే చూడండి. నగ్నత్వం, హింస ఉన్నందువల్ల చాలా దేశాల్లో అప్పట్లో కత్తెర పడింది, కొన్నిచోట్ల నిషేధించారు. యౌవనస్థుల కూటాల్లో తెర కట్టి చూపించదగినది కాదు, పిల్లలకైతే అసలే వద్దు. సంఘ పెద్దలు, సేవకులు కలిసి చూస్తే మూడు, నాలుగు, అయిదు భాగాలు చాలు. ఆ అచ్చు పనివాడి ఇంటి కథ అక్కడికి పూర్తవుతుంది.